లెక్కల టీచరమ్మకి, కాకినాడ నుంచి

ఏమే బుజ్జీ,

బాగున్నావా? అన్నయ్యగారికి షుగర్ కంట్రోల్లోకి వచ్చిందా? మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి జవాబు చెప్పబోయేసరికి గ్యాస్ బండ వచ్చింది, మాట తెగిపోయింది. ఎలాగూ అది ఫోనులో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మీ కాలనీలో మహిళా సేవా క్లబ్బు పెట్టారనీ, చేరమని ఇంటికొచ్చి అడుగుతున్నారనీ చెప్పావు. "పట్టుచీరలు, శాలువాలు, గ్రూప్ ఫోటోలు. నాకెందుకే అవన్నీ" అన్నావు. నువ్వు చూసినవి అలాంటివే అయ్యుంటాయి, కాదనను. అయినా చేరమనే చెబుతాను. కాకపోతే చేరేముందు వాళ్ళనొక మాట అడుగు: పోయినేడాది మొదలుపెట్టిన పని ఇప్పుడు ఎవరు చూస్తున్నారు? తడుముకోకుండా జవాబొచ్చిందంటే ఇంకేం ఆలోచించకుండా చేరిపో.

ఎందుకు అడగమంటున్నానంటే, ఇలాంటి క్లబ్బుల్లో చాలావాటికి జూలైలో కొత్త సంవత్సరం. కొత్త ప్రెసిడెంటు, కొత్త సెక్రటరీ, కొత్త ఉత్సాహం. వచ్చినావిడకి తన హయాంలో తనదంటూ ఒక పని ఉండాలనిపిస్తుంది. అందులో చెడ్డేమీ లేదు. కానీ జూన్ దాకా కళకళలాడిన కుట్టు సెంటరుకి ఆగస్టులో తాళం పడుతుంది. అత్తగారిని ఒప్పించుకుని, వంట పెందలాడే ముగించుకుని, రోజూ రెండు గంటలు బయటికొచ్చిన పిల్ల అక్కడ ఉంటుంది చూడు, నష్టపోయేది ఆ పిల్ల. జాకెట్టు కటింగు చేతికి వచ్చేవేళకి క్లాసు ఆగిపోయింది. రెండోసారి ఇంట్లో అడిగి గడప దాటడం మొదటిసారికంటే ఎంత కష్టమో నీకు తెలుసు.

మా క్లబ్బులో దీనిమీద పెద్ద వాదనే జరిగింది. చివరికి అందరం ఒప్పుకున్నదేంటంటే, మిగతా కార్యక్రమాలు ఏ ఏడాదికా ఏడాది మారినా చదువు ఆగిపోయిన ఆడవాళ్ళకి మేము నడిపే పదో తరగతి క్లాసు మాత్రం మారదు. దాన్ని చూసుకోవడానికి ముగ్గురితో ఒక కమిటీ. ప్రెసిడెంటు ఎవరైనా ఆ ముగ్గురూ ఐదేళ్ళు కదలకూడదు. ఐదేళ్ళే ఎందుకంటావేమో. ఓపెన్ స్కూల్లో ఒకసారి పేరు నమోదు చేయించుకుంటే ఐదేళ్ళ వరకూ పరీక్షలు రాసుకోవచ్చు. చదువుకునే మనిషికి ప్రభుత్వం అంత గడువిచ్చినప్పుడు, చెప్పేవాళ్ళం మనం ఏడాదికే చేతులు దులుపుకుంటే ఎలా?

నువ్వు ఇన్నేళ్ళూ మామూలు బళ్ళో చెప్పావు కాబట్టి ఓపెన్ స్కూలు సంగతి నీకు అంతగా తగిలి ఉండదు. పద్నాలుగేళ్ళు నిండితే చాలు, పైన ఎంత వయసున్నా పర్వాలేదు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయక్కర్లేదు. పాసైనవి పాసైనట్టే ఉంటాయి, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. ఇల్లు, పిల్లలు, కూలిపని అన్నీ చూసుకునే ఆడమనిషికి ఇంతకంటే సరిపోయే ఏర్పాటు లేదు. తెలుగు ఒక ఏడాది, సోషల్ ఇంకో ఏడాది అంటూ నెమ్మదిగా గట్టెక్కుతున్నవాళ్ళున్నారు మా దగ్గర.

క్లాసు దుమ్ములపేట వైపు ఒక కమ్యూనిటీ హాల్లో, రాత్రి ఏడు దాటాక. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రొయ్యల కంపెనీల్లో పనిచేసేవాళ్ళు. తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కాలి. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఒలవాలి. సాయంత్రానికి వేళ్ళు కొయ్యబారిపోయి పెన్ను పట్టు చిక్కదు. అందుకని మేము మొదట రాత పెట్టం. ముందు అందరికీ టీ. ఆ వేడి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటే ఒకరు పాఠం చదువుతారు, మిగతావాళ్ళు వింటారు. చేతులు స్వాధీనంలోకి వచ్చాక నోటు పుస్తకాలు తీస్తారు. టీచర్లకిచ్చే ఏ శిక్షణలోనూ ఈ సంగతి చెప్పరు. వాళ్ళలోనే ఒకావిడ చెప్పింది, మేము పాటిస్తున్నాం.

చదువు చెప్పడం ఒక ఎత్తయితే కాగితాలు ఒక ఎత్తు. ఆధార్‌లో ఒక పేరు, చిన్నప్పటి బడి రికార్డులో ఇంకో పేరు, రేషన్ కార్డులో మొగుడి ఇంటిపేరు. పుట్టిన తేదీలు మూడు చోట్లా మూడు. ఒకావిడ టీసీ కోసం చిన్నప్పుడు చదివిన బడికి వెళ్తే రిజిస్టరు చెదలు తినేసిందని చెప్పి పంపేశారు. మా మెంబరొకావిడ రెవెన్యూ ఆఫీసులో చేసి రిటైరైంది. ఏ అర్జీ ఎవరికి పెట్టాలో, ఏ అఫిడవిట్ ఎలా ఉండాలో ఆవిడకి కంఠతా వచ్చు. ఆ రికార్డు సంగతి ఆవిడే తేల్చింది. స్టేజి ఎక్కదు, మైకు పట్టదు. మా క్లబ్బులో అందరికంటే ఎక్కువ పని చేసేది ఆవిడేనని నేను ఎవరి ముందైనా అంటాను.

ఇంతకీ ఈ వయసులో పదో తరగతి దేనికని మొదట్లో మావాళ్ళలోనే కొందరు అడిగారు. అంగన్‌వాడీ టీచరు పోస్టుకి దరఖాస్తు పెట్టాలంటే అడిగేది అదే. కంపెనీలో సూపర్‌వైజర్ని చేయాలన్నా అదే చూస్తారు. అవి సరే. నాకు మాత్రం బ్యాంకులో ఉన్నప్పటి సంగతులే గుర్తొస్తాయి. డ్వాక్రా గ్రూపుల లోన్లు నా సీటులోనే ఉండేవి. రోజుకో రూపాయి చొప్పున కూడబెట్టి బ్యాంకు గుమ్మం ఎక్కిన ఆడవాళ్ళు వాళ్ళు. వేలిముద్ర మానేసి సంతకం పెట్టడం నేర్చుకున్నారు. అప్పట్లో అది చిన్న విషయం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళే సారా మీద తిరగబడ్డారు, రాష్ట్రమంతా కదిలింది, మరుసటి ఏడాదికి సారా నిషేధం వచ్చింది. అయితే నా ఎదురుగా కూర్చుని చక్కగా సంతకం పెట్టిన మనిషి, పైనున్న లోన్ కాగితంలో వడ్డీ ఎంతో చదవలేకపోయేది. "మీరు చెప్పండమ్మా, మీ మాట మీద పెడతాను" అనేది. ఆ మాట నాకు గర్వంగా ఎప్పుడూ అనిపించలేదు, భయం వేసేది. నా కుర్చీలో రేపు ఇంకొకరు ఉంటారు. మైక్రోఫైనాన్సువాడు గుమ్మంలోకొచ్చి కాగితం ముందు పెడతాడు. అప్పుడు ఎవరు చదివి చెబుతారు?

ఈ ఆలోచన మేమేదో కొత్తగా కనిపెట్టింది కాదు. 1902లోనే బందరులో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ బృందావన స్త్రీ సమాజం పెట్టారు. అచ్చమాంబ ఏ బడికీ వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని చదువుకుని, తర్వాత ఊరూరా తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. ముప్పై దాటీ దాటకుండానే పోయింది. ఇంగ్లండులో ఇన్నర్ వీల్, అదే రోటరీ సభ్యుల భార్యలు పెట్టుకున్న క్లబ్బు, మొదలైంది ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి. మాంచెస్టర్‌లో మార్గరెట్ గోల్డింగ్ అనే నర్సు 1924లో పెట్టింది. మహిళా క్లబ్బులనగానే విదేశీ ఫ్యాషన్ అనుకునేవాళ్ళకి నేను బందరు సంగతి తప్పకుండా చెబుతాను.

ఇక మన దుర్గాబాయమ్మ, అదే దుర్గాబాయి దేశ్‌ముఖ్. కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు, 1923లో, ఖద్దరు ప్రదర్శన దగ్గర టికెట్ లేదని నెహ్రూని ఆపేసిన కథ చిన్నప్పుడు మనందరం విన్నదే. నాకు అంతకు రెండేళ్ళ ముందు సంగతి ఇంకా ఇష్టం. గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీలూ ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ కూడా ఆయన మాట వినాలని పట్టుబట్టింది. అయిదు వేలు పోగుచేస్తే ఆయన్ని కాసేపు తీసుకొస్తామని పెద్దవాళ్ళు అన్నారట. పన్నెండేళ్ళ పిల్ల! డబ్బు పోగైంది, సభా జరిగింది. ఊళ్ళో ఎవరూ సభకి పిలవని ఆడవాళ్ళ కోసం చేసింది చూడు, అది నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఆవిడ బడి చదువు చిన్నప్పుడే ఆగింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళొచ్చాక ప్రైవేటుగా కట్టి బెనారస్ యూనివర్సిటీ మెట్రిక్, అంటే మన పదో తరగతి లాంటిదే, పాసైంది. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుదామంటే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. తనలాంటి అమ్మాయిల్ని తనే వెతికి పట్టుకుని హాస్టల్ నడిపింది. ఆ తర్వాత లా చదివింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. 1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభ తొలిరోజుల్లో చేసిన పనుల్లో ఒకటి ఏంటో తెలుసా? చదువు ఆగిపోయిన ఆడవాళ్ళని అదే బెనారస్ మెట్రిక్‌కి తయారుచేయడం! కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1953లో ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే. 1958 నుంచి ఆ బోర్డు పెద్దవయసు ఆడవాళ్ళ కోసం తక్కువ కాలంలో పూర్తయ్యే కోర్సులు నడిపించింది. మా కమిటీ మీటింగులో ఇదంతా చెప్పాను. ఆ తర్వాత పదో తరగతి దేనికని ఎవరూ అడగలేదు.

అన్నీ సాఫీగా జరుగుతున్నాయని చెప్పను. క్లాసుకి వచ్చే ఒకావిడ కూతురు, పదిహేనేళ్ళ పిల్ల, తల్లితో పాటు వచ్చి వెనక కూర్చునేది. ఉన్నట్టుండి మానేసింది. సంబంధం చూశారట. నాయనమ్మ మంచం పట్టింది, ఆవిడ పోయేలోగా పెళ్ళి చూడాలని. పద్దెనిమిది నిండకుండా చేస్తే నేరమనీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఒక్క ఫోను చేస్తే అధికారులు వస్తారనీ మాకు తెలుసు. ముందు మాత్రం ఆ నాయనమ్మ మంచం పక్కన కూర్చున్నాం. మా మెంబర్లలో వయసులో పెద్దావిడ, తనకి పద్నాలుగో ఏట పెళ్ళయి, పదహారో ఏట కాన్పు కష్టమై ఏం జరిగిందో చెప్పింది. అంతకుముందెప్పుడూ మాకెవరికీ చెప్పని సంగతి అది. నాయనమ్మ పైకి ఏమీ అనలేదు. పెళ్ళి మాట ప్రస్తుతానికి ఆగింది. పిల్లని కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో, అంటే హాస్టలుండే సర్కారు బళ్ళో, చేర్పించాలని తిరుగుతున్నాం. చేరాక కూడా పండగలకి ఇంటికొచ్చినప్పుడల్లా మాకు టెన్షన్ తప్పదు, పెళ్ళిళ్ళు కుదిరేది అప్పుడే కదా. వాళ్ళ వీధిలో ఎవరో ఒకరం తిరుగుతూనే ఉండాలి.

ఆరోగ్యం సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. మన దేశంలో ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా వచ్చేది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి హెచ్‌పీవీ టీకా వేయిస్తే చాలావరకు రాకుండా ఆపొచ్చు. తల్లులకి రకరకాల అనుమానాలు. మా డాక్టరు మెంబరు ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడుతుంది, మైకులో చెప్పదు. గుంపులో ఎవరూ అడగని ప్రశ్నలు అప్పుడే బయటికొస్తాయి. మీ మనవరాలికి పదేళ్ళనుకుంటా. మీ కోడలితో ఒకసారి మాట్లాడు.

డబ్బెక్కడిదంటావు. చందాలు మామూలే. కానీ కొత్త ప్రెసిడెంటు బాధ్యతలు తీసుకునే ఇన్‌స్టాలేషన్ ఫంక్షన్‌లో శాలువాలు, బొకేలు, ఫ్లెక్సీలు మానేద్దామని నిరుడు తీర్మానం చేశాం. కొందరు నొచ్చుకున్నారు. సన్మానం అంటే ఇష్టం లేనిదెవరికి? అయితే ఆ మిగిలిన డబ్బుతో ఆ ఏడాది పరీక్ష ఫీజులన్నీ కట్టగలిగామని లెక్క చదివి వినిపించాక, నొచ్చుకున్నవాళ్ళే ముందుకొచ్చి ఈసారి భోజనాలు కూడా తగ్గిద్దామన్నారు. మనుషులు మంచివాళ్ళేనే, లెక్క కళ్ళకి కట్టేలా చూపించాలి అంతే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మా దగ్గర లెక్కలకి మనిషి లేదు. తెలుగు నేను చూస్తున్నాను, సోషల్‌కీ సైన్సుకీ ఉన్నారు. లెక్కలు చెప్పిన కుర్రాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. మావాళ్ళు కూడికలు, గుణకారాలు నోటితో నీకంటే వేగంగా చేస్తారు, కిలోల లెక్కన కూలి కదా మరి. బీజగణితం దగ్గరికొచ్చేసరికి బిగుసుకుపోతారు. ఎక్స్ అంటే ఎన్ని కిలోలో అనుకోమని నేను చెప్పి చూశాను, అక్కడిదాకా బాగానే వచ్చింది, ఆ తర్వాత నా వల్ల కాలేదు.

నువ్వు ఆదివారాలు వీడియో కాల్లో గంట చెప్పగలవా? హాల్లో టీవీ ఉంది, ఫోను దానికి కలిపేస్తాం. బోర్డు మీద నీ రాత పెద్దగా ఉండాలి, వెనక కూర్చునేవాళ్ళలో ఇద్దరికి చూపు తక్కువ, కళ్ళజోళ్ళు ఇంకా రాలేదు. సంక్రాంతికి ఎలాగూ వస్తావు కదా, అప్పుడు ఒక్క సాయంత్రం హాలుకి రా, వాళ్ళూ నిన్ను చూస్తారు. మీ క్లబ్బులో చేరినా ఈ పని మానక్కర్లేదు. వీలైతే వాళ్ళని కూడా ఇందులోకి లాగు, అక్కడ తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది, మీ కాలనీలో ఇళ్ళపని చేసేవాళ్ళలో చదువు ఆగిపోయినవాళ్ళు తప్పకుండా ఉంటారు.

వచ్చేటప్పుడు నీ పాత లెక్కల నోట్సు ఉంటే పట్టుకురా. అటకమీద ఉందని ఒకసారి అన్నావు, పారేయకు. ఆదివారం ఏ టైము వీలవుతుందో రాత్రికి మెసేజ్ పెట్టు, రేపు క్లాసులో చెప్పేస్తాను.

అన్నయ్యగారిని అడిగానని చెప్పు.

నీ
చిట్టి