చెల్లికి ఫెరిటిన్ పరీక్ష చేయించమ్మా

మాంచెస్టర్

అమ్మకు,

ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న ఫోన్లో నువ్వు నవ్వుతూ అన్న మాట నా బుర్రలోంచి పోవడం లేదు. చెల్లి వంటింట్లోకి వచ్చినప్పుడల్లా గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకుంటోందన్నావు. "వేవిళ్ళ కోరికలే" అన్నావు. ఐదో నెలలో కూడా అది తగ్గకపోతే కోరిక అని వదిలేయకూడదమ్మా. ఒంట్లో ఇనుము తగ్గినవాళ్ళలో కొందరికి బియ్యం, బలపం, మట్టి, ఐసు తినాలనిపిస్తుంది. బాబు కడుపులో ఉన్నప్పుడు నేను రోజంతా ఐసు ముక్కలు కొరికేదాన్ని.

అప్పుడు నీకు చెప్పలేదు. మెట్లెక్కితే ఆయాసం, రాత్రిళ్ళు కాళ్ళు ఒకటే లాగడం, దువ్వెన నిండా జుట్టు. హిమోగ్లోబిన్ 11.8 ఉంది, బాగానే ఉందన్నారు. అంతా నా భ్రమే అనుకుని ఏడ్చాను కూడా. ఏడో నెలలో ఒక మిడ్‌వైఫ్ (కాన్పులు చూసే నర్సు) పట్టుబట్టి ఫెరిటిన్ పరీక్ష, అంటే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, రాయిస్తే 9 వచ్చింది. 30 కంటే తక్కువుంటే నిల్వలు అడుగంటినట్టే. ఇక్కడా ఆ పరీక్ష అందరికీ చేయరు.

తాతయ్యగారి ఇంట్లో గాదె గుర్తుందా? అందులో ధాన్యం తరిగిపోతున్నా పొయ్యి మీద అన్నం రోజూ ఉడుకుతూనే ఉంటుంది. హిమోగ్లోబిన్ ఆ అన్నం, ఫెరిటిన్ ఆ గాదె. అన్నం తగ్గేసరికి గాదె ఎప్పుడో ఖాళీ అయిపోయి ఉంటుంది. చెల్లికి హిమోగ్లోబిన్ 11.2 ఉంది, 11 దాటింది కదా అని మీరు నిశ్చింతగా ఉన్నారు. ఒక కాన్పుకి దాదాపు 1000 మిల్లీగ్రాముల ఇనుము అదనంగా కావాలి, అందులో ఎక్కువ భాగం ఇకముందే ఖర్చవుతుంది.

ప్రతి నెలా 9వ తేదీన గవర్నమెంటు ఆసుపత్రిలో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు. ఆ రోజు ఫెరిటిన్ రాయమని అడగండి. బయట చేయిస్తే కొన్ని వందలవుతుంది, నేను పంపిస్తాను. పర్లాకిమిడిలో చేయకపోతే రక్తం తీసి శ్రీకాకుళానికో బరంపురానికో పంపుతారేమో కనుక్కోండి. జ్వరం, జలుబు ఉన్నప్పుడు మాత్రం వద్దు. అప్పుడు ఫెరిటిన్ ఉన్న నిల్వకంటే ఎక్కువ చూపిస్తుంది.

మన వైపు సికిల్ సెల్, తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బులు కూడా ఉన్నాయి. వాటివల్లా రక్తం తగ్గుతుంది. అందుకే సికిల్ సెల్ పరీక్ష అయ్యిందో లేదో కూడా ఆశా దీదీని అడుగు.

ఆవిడ ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలు చెల్లి నిజంగా మింగుతోందా? కడుపులో తిప్పుతోందని డబ్బాలో దాచేస్తుందని నా అనుమానం. ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, గర్భంలో 180 రోజులు రోజూ ఒకటి వేసుకోవాలి. టీతో మాత్రం వద్దు, ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్ళతో ఇవ్వు. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోమను. విరేచనం నల్లగా అవుతుంది, దానికి టెన్షన్ పడొద్దు. కడుపులో మరీ తిప్పితే రాత్రి పడుకునేముందు వేసుకోమను. అప్పటికీ పడకపోతే డాక్టరుకు చెప్పాలే తప్ప మానేయకూడదు.

మరిదిగారికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆసుపత్రికి ఆయనే తీసుకెళ్తారు కదా. రిపోర్టు రాగానే వాట్సాప్‌లో ఫోటో పెట్టమను, అంకె పక్కన యూనిట్లు కూడా కనబడేలా.

నీ పెద్దమ్మాయి