జాన్ పీల్ కేసెట్లను కాపాడిన అందరికీ కృతజ్ఞతలు

ఈ అక్టోబరు 25న బెజవాడలో బ్రిటిష్ రేడియో వ్యాఖ్యాత జాన్ పీల్ గొంతు మళ్ళీ వినగలిగామంటే అది మీ చలవే. 2004లో అదే తేదీన ఆయన పెరూలోని కుస్కోలో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి 65 ఏళ్ళు. 1967 నుంచి చివరిదాకా పనిచేసిన బీబీసీ రేడియో 1 మనకి అందేది కాదు. బీబీసీ వరల్డ్ సర్వీస్‌లో ఆయన చేసిన కార్యక్రమమే షార్ట్‌వేవ్ మీద ఇక్కడికి చేరింది. ఈ కేసెట్లలో రికార్డయి ఉన్నది అదే. పేరు మోసిన బ్యాండైనా, నిన్న పుట్టిన బ్యాండైనా ఒకే మర్యాదతో వినిపించిన మనిషి ఆయన.

ముందుగా గవర్నర్‌పేట మెకానిక్ గారికి నమస్కారాలు. కేసెట్ ప్లే చేసే డెక్కులో బెల్టు కరిగి పుల్లీకి తారులా అంటుకుపోతే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఓపిగ్గా తుడిచి కొత్త బెల్టు వేశారు. టేపుని చదివే హెడ్ పక్కనుండే చిన్న స్క్రూని ప్రతి కేసెట్‌కీ సరిచేసుకోవాలని చూపించిందీ ఆయనే. రెండు ఛానళ్ళనీ కలిపి మోనోలో వింటూ, 'స' శబ్దం పదునుగా వినిపించేదాకా కొద్దికొద్దిగా తిప్పాలి. ఇది చేయకుండా కంప్యూటర్లోకి ఎక్కిస్తే పైస్థాయి శబ్దాలు పోతాయి, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వాటిని తిరిగి తేలేదు.

బ్రాడీపేట నుంచి కేసెట్లు పంపిన దంపతులకి మరీ మరీ కృతజ్ఞతలు. వాటిని సిలికా జెల్ పొట్లాలతో మూతబిగువు డబ్బాలో దాచారు కాబట్టే బూజు పట్టలేదు. మన ఉక్కకి టేపు చుట్ట అంచున తెల్లటి బూజు తొందరగా పడుతుంది. అలాంటి కేసెట్‌ని అలాగే ప్లే చేస్తే బూజు హెడ్‌కి అంటి తర్వాతి కేసెట్లకీ పాకుతుంది. సిలికా జెల్‌తో విడిగా ఆరబెట్టి, మాస్కు కట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపాలి. ఎండలో పెట్టకండి, షెల్ (కేసెట్ ప్లాస్టిక్ డొప్ప) వంకర పోతుంది. టేపుని హెడ్‌కి అదిమిపట్టే లోపలి ఫెల్ట్ ముక్క ఊడితే శబ్దం మసకబారుతుంది. అప్పుడు టేపుని స్క్రూలున్న మరో షెల్‌లోకి మార్చడమే మార్గం.

వేగం సరిచేసిన ఇంజినీరింగ్ విద్యార్థిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. పాట శ్రుతిని నమ్మడానికి లేదు, ఎందుకంటే రికార్డుని తప్పు వేగంలో వేయడం పీల్‌కి బాగా అలవాటు! వెనక వినిపించే కరెంటు గుర్రునీ నమ్మలేం, అప్పట్లో మన గ్రిడ్ 50 హెర్ట్జ్ కంటే కిందికి జారేది. అందుకే ఆ అమ్మాయి గంట మారేటప్పుడు బీబీసీ వేసే ఆరు పిప్‌లని (చిన్న బీప్ శబ్దాలని) పట్టుకుంది. అవి కచ్చితంగా 1000 హెర్ట్జ్. కంప్యూటర్లో 1030 కనిపిస్తే టేపు 3 శాతం వేగంగా తిరుగుతున్నట్టు. 1000/1030 వంతుకి తగ్గిస్తే ఆయన గొంతు ఆయనదవుతుంది.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్ళుగా ఎక్కించాం. 90 నిమిషాల కేసెట్ ఒక వైపు స్టీరియోలో దాదాపు 780 ఎంబీ. షార్ట్‌వేవ్ గరగరని తొలగించలేదు, దాంతోపాటు ఆయన మాటల చివరలూ కొట్టుకుపోతాయి.

ఇంకా ఎవరి అటక మీదైనా ఇలాంటి కేసెట్లుంటే, ప్లే చేయకుండా, వెనక్కి తిప్పకుండా, పొరపాటున మళ్ళీ రికార్డు కాకుండా పైనున్న రెండు ప్లాస్టిక్ ట్యాబ్‌లు విరిచి అలాగే ఉంచండి. వచ్చి తీసుకెళ్తాం. హక్కులు మనవి కావు కాబట్టి నెట్‌లో పెట్టం. కేసెట్‌తో పాటు ఫైలు కాపీ మీ ఇంటికి తెచ్చిస్తాం.