లంకల వరద ప్రణాళికలో చర్చిలనూ కలపండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. గోదావరి పాయల మధ్య ఉండే మా కోనసీమ లంకల్లో మూడో హెచ్చరిక దాకా ఆగక్కర్లేదు. కాజ్‌వే మీదికి నీళ్లెక్కితే పాలు, మందులు, తాగే నీళ్లు అన్నీ పడవ మీదే రావాలి. 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు రోజుల తరబడి ఇదే అవస్థ.

అప్పుడు చాలాచోట్ల ముందుగా పొయ్యి వెలిగింది చర్చి దగ్గరే. మన ఊళ్లలో దళితుల పేటలు ఎక్కువగా పల్లంలో ఉంటాయి, నీళ్లు ముందు అక్కడికే వస్తాయి. ఆ పేటలో గట్టి శ్లాబున్న కట్టడం తరచుగా ప్రార్థనా మందిరమే. మంచం పట్టిన ముసలమ్మ ఏ ఇంట్లో ఉందో, ఎవరికి నెలలు నిండాయో పాస్టర్‌గారికి తెలుసు. ఈ సంఘాలు నిన్న మొన్న వచ్చినవీ కావు. కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో అయితే, నరసాపురానికి మిషనరీలు 1830ల్లోనే వచ్చారు. మాది రామాలయానికి వెళ్లే కుటుంబం. చర్చి వాళ్లు వండిన అన్నం మా వీధికీ వచ్చింది, ఏ దేవుణ్ణి కొలుస్తారని ఎవరూ అడగలేదు. అన్నిచోట్లా అలాగే ఉండాలి.

బాధల్లా ఎక్కడంటే, ఎవరికి వారే చేయడం. పట్నాల్లోని పెద్ద చర్చిలు పంపే లారీలు ఏటిగట్టు దగ్గర ఆగిపోతాయి. గట్టు పక్క వీధికి రెండు మూడు సార్లు సరుకులు అందుతాయి, పాయ అవతలి ఇళ్లకు ఒక్కసారీ అందవు. పాత బట్టల మూటలు కుప్పలుగా వస్తాయి. దయచేసి అవి పంపకండి. నీళ్లు తీశాక కావాల్సినవి వేరు: ఇంట్లో పేరుకున్న ఒండ్రు ఎత్తిపోసే మనుషులు, టార్పాలిన్లు, బావుల్లో వేయడానికి బ్లీచింగ్, పిల్లలకు పుస్తకాలు. అన్నిటికన్నా ముందు పశువులకు ఎండుగడ్డి. గడ్డివాము కొట్టుకుపోయాక పాడి గేదెను అయినకాడికి అమ్ముకున్న ఇంటికి మళ్లీ గేదె కొనడం తేలిక కాదు. సాయం చేసేవాళ్లలో దాని గురించి ఆలోచించేవాళ్లు తక్కువ.

అందుకే నేను కోరేది ఒకటే. వరదల కాలం మొదలవకముందే ప్రతి లంక మండలంలో తహసీల్దార్‌గారు పాస్టర్లను, గుడి, మసీదు కమిటీల వాళ్లను పిలిచి కూర్చోబెట్టాలి. ఇళ్ల జాబితా అందరికీ ఒకటే ఉండాలి. ఏ లంక ఎవరి బాధ్యతో అక్కడే తేల్చాలి. 2022లో నీళ్లెక్కని మందిరాలు, కమ్యూనిటీ హాళ్లు ఏవో చూసి వాటిని పునరావాస కేంద్రాలుగా రాసుకోవాలి. బియ్యం, గ్యాస్ బండలు, జనరేటర్ ముందే అక్కడికి చేర్చాలి, ఇంజిన్ పడవ కేటాయించాలి. వంటకు, వడ్డనకు ఆ సంఘాల వాళ్లు ఎలాగూ ముందుకొస్తారు. వచ్చే జూన్ లోపే ఈ సమావేశాలు పెట్టించాలని కలెక్టర్‌గారిని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక లంకవాసి,
కోనసీమ జిల్లా