నయమయ్యాక మళ్లీ వచ్చి రక్తమిచ్చిన మీకు కృతజ్ఞతలు

కనెక్టికట్, న్యూజెర్సీల్లో పిడుదు కాటుతో జబ్బుపడి మా పరిశోధనకు రక్తమిచ్చిన వారందరికీ, పెద్దవాళ్లకు సమ్మతి పత్రాలు తెలుగులో చదివి వినిపించిన వాలంటీర్లకూ, రక్తం తీసిన నర్సులకూ మా ల్యాబ్ తరఫున మనసారా ధన్యవాదాలు.

జ్వరంలో ఉన్నప్పుడు ఇవ్వడం ఒక ఎత్తు. ఆరు వారాల తర్వాత, ఒంట్లో బాగున్నా సెలవు పెట్టుకుని వచ్చి ఇవ్వడం ఇంకో ఎత్తు. మాకు అసలు దారి చూపేది ఆ రెండో శాంపిలే. మేం కొలిచే రక్తంలోని ప్రొటీన్ల స్థాయి మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి, మీ జబ్బునాటి రక్తాన్ని మీ మామూలు రక్తంతో పోల్చి చూడడమే సరైన పద్ధతి.

హాప్టోగ్లోబిన్ అనే రక్తంలోని ప్రొటీన్ సంగతే చూడండి. నల్లకాళ్ల పిడుదు కాటుతో బ్యాక్టీరియా ఎక్కి లైమ్ జబ్బు వస్తే, కాలేయం సీఆర్‌పీతో (ఒంట్లో వాపును సూచించే ప్రొటీన్) పాటు దీన్నీ ఎక్కువగా తయారుచేస్తుంది. అదే పిడుదు బబీసియా అనే పరాన్నజీవిని కూడా ఎక్కించిందనుకోండి, అది ఎర్రకణాల్లో పెరిగి వాటిని పగలగొడుతుంది. బయటపడ్డ హిమోగ్లోబిన్‌ను హాప్టోగ్లోబిన్ పట్టుకుంటుంది, ఆ జంటను మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు మింగేస్తాయి. అంటే ఒక జబ్బు పెంచేదాన్ని ఇంకోటి తగ్గిస్తోందన్నమాట. సీఆర్‌పీ, ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే బయటికొచ్చే ఎంజైమ్) పెరిగి హాప్టోగ్లోబిన్ పడిపోతే రక్తపు స్మియర్ (గాజుపలకపై రక్తం పూసి మైక్రోస్కోపులో చూడడం), పీసీఆర్ చేయించాల్సిందే. ఎందుకంటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ లైమ్‌కూ, పిడుదులు మోసే మరో బ్యాక్టీరియా అనాప్లాస్మాకూ పనిచేస్తుంది కానీ బబీసియాకు పనిచేయదు. దానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ అనే మందులు కలిపి ఇస్తారు.

నర్సులకు మేం ఎంత రుణపడ్డామో ఇక్కడే తెలుస్తుంది. ఎర్రకణాలు ట్యూబులో పగిలినా సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే తేట ద్రవం) గులాబీ రంగుకు తిరుగుతుంది. అది బబీసియా పనో, సూది పనో చెప్పడం కష్టం. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా, సిరంజిని బలంగా లాగినా, ట్యూబును ఊపినా ఇదే గొడవ. మీరు చేతిపట్టీని నిమిషం లోపే వదిలారు, ట్యూబును ఐదారుసార్లు మెల్లగా తలకిందులు చేసి అరగంట నిలబెట్టారు, రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పించారు. అందుకే సీరం తేటగా వచ్చింది. దాన్ని అర మిల్లీలీటరు చొప్పున పంచి మైనస్ 80 డిగ్రీల్లో దాచాం, ఒక్కో పరీక్షకు ఒక్క గొట్టమే కరిగిస్తే చాలు. మళ్లీ మళ్లీ కరిగించి గడ్డకట్టిస్తే కొన్ని ప్రొటీన్లు పాడవుతాయి.

వాలంటీర్లు జ్వరం మొదలైన రోజు, మొదటి మాత్ర వేసుకున్న రోజు ఓపిగ్గా రాసిపెట్టారు. తొలి రోజుల్లో యాంటీబాడీలు ఇంకా కనబడకపోవచ్చు కాబట్టి, ఎన్నోరోజు శాంపిలో తెలియకపోతే నెగటివ్ ఫలితానికి అర్థమే లేదు.

ఆరు నెలల శాంపిల్ ఇవ్వాల్సినవారికి ఒక మనవి. ఆ వారంలో జలుబు, జ్వరం వచ్చినా, టీకా వేయించుకున్నా రెండు వారాలు ఆగి రండి, సీఆర్‌పీ వాటికీ పెరుగుతుంది. వచ్చేముందు నీళ్లు బాగా తాగండి, నరం తేలిగ్గా దొరుకుతుంది.