ఎదిగే కాళ్ల తడబాటు

సంపాదకులకు నమస్కారం.

బొబ్బిలి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. ఈ మధ్య లాంగ్ జంప్ ఎంపికలకు మా తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి తీసుకెళ్లాను. పోయినేడు 4.80 మీటర్లు దూకినవాడు. ఈసారి మొదటి రెండుసార్లూ బోర్డు, అంటే కాలు మోపి ఎగరాల్సిన చెక్కపలక, దాటి అడుగేసి ఫౌల్ అయ్యాడు. మూడోసారి భయంతో బోర్డు ముందు చిన్నచిన్న అడుగులేశాడు, ఊపు పోయి 4.30 దగ్గర పడ్డాడు. వాళ్ల నాన్న అందరి ముందూ చెయ్యెత్తాడు. "రాత్రింబవళ్లు ఫోను పట్టుక్కూర్చుంటే కాళ్లెక్కడ ఆడతాయి? చాలింక, వచ్చే ఏడు పదో తరగతి" అన్నాడు. పక్కనున్న మా తోటి మాస్టారు ఒకాయన కూడా "వీడి పనైపోయిందండీ" అనేశారు. ఈ ఉత్తరం ఆ మాట విన్నందుకే రాస్తున్నాను.

ఆటవస్తువుల గదిలో ఒక గోడ మీద పిల్లల ఎత్తులు పెన్సిలుతో గీసి పెడుతుంటాను. ఆ కుర్రాడి గీత పోయిన ఆగస్టులో 152 సెంటీమీటర్ల దగ్గరుంది, ఈ ఆగస్టుకి 161 దగ్గరకెళ్లింది. ఏడాదిలో తొమ్మిది సెంటీమీటర్లు. కాలు పొడుగైతే అంగ పొడుగవుతుంది. వాడి రనప్, అంటే దూకే ముందు తీసే పరుగు, పద్నాలుగు అంగలు. ఒక్కో అంగకు ఏడెనిమిది సెంటీమీటర్లు కలిసినా, బోర్డు దగ్గరకొచ్చేసరికి మీటరు తేడా వస్తుంది. వాడు పరుగు మొదలుపెట్టిన గుర్తేమో పోయినేటిదే. ఇక ఫౌల్ కాకుండా ఎలా ఉంటుంది? ఆ గుర్తును ఎప్పటికప్పుడు వెనక్కి జరపాల్సింది నేను. ఎంపికల హడావుడిలో పడి చూసుకోలేదు. తప్పు నాది, తిట్లు వాడికి.

చిన్నప్పుడు ఏటా ఐదారు సెంటీమీటర్లు పెరిగే పిల్లలు ఒక్కసారిగా ఎనిమిది, తొమ్మిది, ఒక్కోసారి పది కూడా పెరిగే కాలం ఒకటుంది. ఆడపిల్లల్లో ఇంచుమించు 12 ఏళ్లకు, మగపిల్లల్లో 14కు ఇది జోరుమీదుంటుంది. ఏడాది, రెండేళ్లు అటూ ఇటూ అవ్వొచ్చు. ముందు పాదాలు పెరుగుతాయి, తర్వాత కాళ్లు, ఆఖరున నడుము పైభాగం. చెప్పులు గబగబా బిగుతవుతున్నాయంటే నేను అప్పటినుంచే ఆ పిల్లల మీద కన్నేసి ఉంచుతాను. ఎముక ముందు సాగిపోతుంది, కండరమూ దాని బలమూ వెనకాల వస్తాయి. అందుకే మొన్నటిదాకా వంగి కాలివేళ్లు ముట్టుకున్నవాడు ఇప్పుడు మోకాళ్ల దగ్గరే ఆగిపోతాడు. పొట్టి కర్రతో కర్రసాము నేర్చినవాడికి చెప్పకుండా పొడుగు కర్ర ఇస్తే ఎలా ఉంటుందో, ఆ పిల్లాడికి తన కాలే అలా ఉంటుంది. "కాళ్లు నా మాట ఇనట్లేదు సార్" అన్నాడు మావాడు. అంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పలేదనుకుంటాను.

పదేళ్ల కిందట ఇదంతా నాకు తెలియదు. అప్పట్లో ఒక హైజంప్ కుర్రాడు ఉన్నట్టుండి వెనకబడితే బద్ధకమనుకుని రోజూ అదనంగా ముప్పై దూకులు దూకించాను. రెండు నెలల్లో మోకాలి చిప్ప కింద బుడిపె లేచింది, మెట్లు దిగలేకపోయాడు. ఎముకల డాక్టరు దాన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారని చెప్పారు. ఎదుగుతున్న ఎముకను బిగుసుకున్న తొడ కండరం అదే పనిగా లాగడం వల్ల వస్తుందట, ఎదుగుదల ఆగాక చాలామందికి దానంతటదే తగ్గుతుందట. 1903లోనే ఇద్దరు వైద్యులు విడివిడిగా రాసి పెట్టిన సంగతి ఇది. నాకు తెలిసేసరికి ఆ పిల్లాడు ఆట మానేశాడు. మళ్లీ రాలేదు. ఆ ముప్పై దూకులు నేను మరిచిపోలేదు.

ఆడపిల్లల విషయంలో నష్టం ఇంకా పెద్దది. ఆరో తరగతిలో మగపిల్లల్ని దాటి పరుగెత్తిన అమ్మాయి ఎనిమిదికొచ్చేసరికి వేగం తగ్గుతుంది. ఒళ్లు మారుతుంది, నెలసరి మొదలవుతుంది. "పెద్దదైంది, ఇంకా గెంతులేంటి మాస్టారూ" అంటారు ఇంట్లో. ఇంకో ఏడాది, ఏడాదిన్నర ఓపిక పడితే ఆ కొత్త ఒంటికి బలం చేరి కుదురుకునే పిల్లలు, సరిగ్గా ఆ లోపలే మైదానానికి దూరమైపోతున్నారు. దీనికితోడు స్కూలు పోటీలన్నీ అండర్ 14, అండర్ 17 అని పుట్టిన తేదీ మీదే నడుస్తాయి. ఒకే తరగతిలో ఒకడికి మీసం వస్తుంది, పక్కవాడికి ఎదుగుదలే మొదలవదు. ఇంగ్లండులో ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ క్లబ్బుల అకాడమీలు అప్పుడప్పుడు పిల్లల్ని వయసును బట్టి కాకుండా ఎదుగుదలను బట్టి జట్లు చేసి ఆడిస్తాయి. అంత ఏర్పాటు మన మండలాల్లో రేపే రావాలని నేనడగను.

నేనడిగేది ఒక టేపు, ఒక గోడ, ఒక నోటుపుస్తకం. నెలకోసారి ఉదయంపూటే కొలవాలి, ఎందుకంటే సాయంత్రానికి ఎత్తు కాస్త తగ్గుతుంది. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు దాటితే నేను ఆ పిల్లలకు దూకులు సగం చేస్తాను, రనప్ మళ్లీ కొలుస్తాను. మిగిలిన సమయంలో తాడాట, ఒంటికాలి మీద నిలబడటం, తొక్కుడుబిళ్ల. నవ్వుకోకండి, ఒంటికాలి పట్టుకు తొక్కుడుబిళ్లను మించింది నాకింతవరకు కనబడలేదు. కుంటుతున్నా, వాపున్నా, రాత్రిపూట నొప్పికి మెలకువ వస్తున్నా ఎదుగుదల నొప్పులే అని వదిలేయకుండా డాక్టరుకు చూపించాలి. తుంటి దగ్గరి జబ్బు కూడా ఒక్కోసారి మోకాలి నొప్పిలాగే కనిపిస్తుంది. పొద్దున్నే ఖాళీ కడుపుతో ప్రాక్టీసు చేయించొద్దు.

ఎంపికలు చేసే పెద్దలకు ఒక విన్నపం. పిల్లాడి పేరు కొట్టేసే ముందు, పోయినేడు ఎంత ఎత్తున్నాడో వాళ్ల మాస్టారిని ఒక్క మాట అడగండి. ఫారంలో ఆ ఒక్క గడి చేర్చడానికి ఖర్చేమీ లేదు.

మావాడి గుర్తును మీటరుంబావు వెనక్కి జరిపి సున్నంతో గీశాను. పది రోజులైంది, ఇంకా సగంసార్లు తప్పుతూనే ఉన్నాడు. సోమవారం ప్రార్థనకు ముందు మళ్లీ ఎత్తు కొలవాలి. గోడ మీద గీతలు చూద్దురుగాని రమ్మని వాళ్ల నాన్నకు కబురు పెట్టాను, వస్తానన్నాడు.

- ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, బొబ్బిలి, విజయనగరం జిల్లా