గుడ్డలు పక్కన పెట్టి ఆగినవాళ్లకి…

అందరికీ నమస్కారం.

మన పాత లైబ్రరీ తగలబడి ఇవాళ్టికి 40 రోజులు. ఇన్నాళ్లూ ఎవరికీ సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేదు. ఫోన్ చేసినవాళ్లకి "తర్వాత మాట్లాడతా" అని పెట్టేశాను. తడిసిన పుస్తకం ఆగదు, మనుషులైతే ఆగుతారులే అని ధైర్యం. నిజంగానే ఆగారు. అందుకే ముందుగా మీకు క్షమాపణ, ఆ తర్వాత కృతజ్ఞతలు.

పాత వైరింగ్‌లో షార్ట్ సర్క్యూట్ అని తేలింది. కప్పు సగం పోయింది. పాత పత్రికలు ఉన్న గది మొత్తం పోయింది, దాని గురించి ఇంకా రాయలేను. మిగతా సగం నిలబడిందంటే అగ్నిమాపక సిబ్బంది వల్లే. వాళ్లలో ఒకాయన పైపు ఎత్తబోతూ, "పుస్తకాలు ఎటువైపు ఎక్కువున్నాయండీ?" అని అడిగాడు. నేను నోట మాట రాక చేత్తో తూర్పు గది చూపించాను. అటు నేరుగా నీళ్లు పడకుండా చూసుకున్నారు. అంత మంట ముందు నిలబడి ఆ ప్రశ్న అడగాలని ఆయనకి ఎలా తోచిందో!

తెల్లవారేసరికి గేటు దగ్గర జనం. బకెట్లు, చీపుళ్లు, పాత గుడ్డలు పట్టుకుని వచ్చేశారు. అందరికంటే ముందు లోపలికి దూరింది నేనే. చదువుకునే హాల్లో కిటికీ కింద గోడంతా మసి. తడిగుడ్డతో ఒక్కసారి గట్టిగా తుడిచాను. నల్లగా ఉన్నచోట జిడ్డుగా, బూడిదరంగులో బెత్తెడు చార తేలింది. మళ్లీ తుడిస్తే ఇంకా వెడల్పయింది. అప్పుడు వెనక నుంచి, "అయ్యా, ఆ గుడ్డ కింద పడేయండి" అని వినిపించింది. పాత దస్త్రాల సంరక్షణలో పనిచేసి రిటైరైన మేడమ్ ఆవిడ. మసిలో జిడ్డుంటుంది, నీళ్లు తగిలితే సున్నపు గోడ దాన్ని లోపలికి పీల్చేసుకుంటుంది, ఇక రాదు. పొడి రబ్బరు స్పాంజితో, రుద్దకుండా, ఒకే వైపుకి లాగుతూ తీయాలట. ఆ మాట విన్నాక గేటు దగ్గరున్న అందరూ గుడ్డలు పక్కన పెట్టి అలాగే నిలబడ్డారు. సాయం చేద్దామని పరిగెత్తుకొచ్చి, ఏమీ ముట్టుకోకుండా ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేను ఆగలేకపోయాను కదా. నా చార ఇంకా ఆ గోడ మీదే ఉంది.

తర్వాత టెన్షనంతా పుస్తకాలదే. తడిసిన కాగితానికి రెండు మూడు రోజుల్లోపే బూజు మొదలవుతుంది. వేలకొద్దీ పుస్తకాలు అంతలో ఆరబెట్టడం అయ్యే పనేనా? మేడమ్ మాకు లాస్ ఏంజెలెస్ సెంట్రల్ లైబ్రరీ సంగతి చెప్పారు. 1986 ఏప్రిల్ 29న జరిగిన మంటల్లో దాదాపు 4 లక్షల పుస్తకాలు కాలిపోయాయి, మరో 7 లక్షలు నీటికీ పొగకీ దెబ్బతిన్నాయి. వాలంటీర్లు తడిసినవాటిని పెట్టెలకెత్తితే, చేపలు నిల్వచేసే ఫ్రీజర్లలో కూడా పెట్టి కాపాడుకున్నారట. గడ్డకట్టిస్తే పుస్తకం ఆరదు, కానీ బూజు ఆగుతుంది. ఆ తర్వాత తీరిగ్గా గాలి తీసేసిన వాక్యూమ్ గదిలో పెడితే మంచు నీరు కాకుండా నేరుగా ఆవిరైపోతుంది.

ఇది విన్న గంటలోపే ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని రెండు గదులు ఖాళీ చేయించారు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. గేటు నుంచి లారీ దాకా మనుషుల వరస కట్టి పెట్టెలు చేతులు మార్చారు. పుస్తకాలు వెన్ను కిందికి ఉండేలా, కాస్త వదులుగా పేర్చాలి, ఎందుకంటే తడికి ఉబ్బుతాయి. ఒక కాలేజీ అబ్బాయి ప్రతి పెట్టెలో షెల్ఫ్ నంబరు రాసిన చీటీ వేశాడు, పెన్సిల్‌తో. పెన్ను సిరా తడికి చెదిరిపోతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి అతని దగ్గర పెన్సిల్ ముక్క చిటికెన వేలి గోరంత మిగిలింది.

కొద్దిగా చెమ్మ తగిలినవాటిని మీరు ఇళ్లకు పట్టుకెళ్లారు. 1988లో రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) సైన్స్ అకాడమీ లైబ్రరీ కాలినప్పుడు అక్కడి జనం కూడా ఇలాగే ఇళ్లలో ఆరబెట్టి తిరిగి తెచ్చిచ్చారు. ఎండలో పెట్టొద్దు, ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వొద్దు, బ్లాటింగ్ పేపర్ మారుస్తూ ఉండండి అని చెప్తే, అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి మార్చినవాళ్లున్నారు. ఒకావిడ పది పుస్తకాలు తీసుకెళ్లి పదకొండు తెచ్చారు. పదకొండోది వాళ్ల నాన్నగారు ఎప్పుడో తీసుకెళ్లి ఇవ్వనిదట. ఫైను మాఫీ చేశామండీ.

కప్పు సంగతి. "ఇంకేముంది, కొట్టేసి కొత్తది కట్టేద్దాం" అన్నవాళ్లున్నారు, వాళ్లకి నేను ఇక్కడ కృతజ్ఞతలు చెప్పడం లేదు. వడ్రంగి ఒకాయన ఉలితో దూలం మీది బొగ్గు గీకి చూపించాడు. రెండు వేళ్ల మందాన నలుపు, దాని లోపల కర్ర కొత్తదానిలా ఉంది. లావు దూలం నిమిషానికి మిల్లీమీటరు కన్నా తక్కువే కాలుతుంది, పైన కట్టిన బొగ్గే లోపలి కర్రని కాపాడుతుంది. ఫీజు లేకుండా వచ్చి చూసిన ఇంజనీరు గారు, గోడలు తాగిన నీళ్లు ఆరేదాకా సిమెంటు ముట్టుకోవద్దన్నారు. సిమెంటు పూస్తే ఆ తడి లోపలే చిక్కుకుంటుంది, సున్నమైతే బయటికి పోనిస్తుంది.

"ఎప్పుడు తెరుస్తారు?" అని రోజూ అడుగుతున్నారు. పారిస్‌లో నోట్ర డామ్ 2019 ఏప్రిల్ 15న కాలితే, 2024 డిసెంబరులో తెరిచారు. ప్రపంచమంతా డబ్బు పంపినా అయిదేళ్లు దాటింది. మా దగ్గర తారీఖు లేదు, ఉంటే ముందు మీకే చెప్తాం.

ఒక చిన్న విన్నపం. ప్రేమతో మీ ఇళ్లలోని పుస్తకాలు పంపిస్తున్నారు, కానీ పెట్టడానికి పొడి చోటు లేదు. కొన్నాళ్లు మీ దగ్గరే ఉంచండి.

ఈ ఆదివారం పొద్దున హాల్లో మసి తీస్తున్నాం. స్పాంజిలు మేమిస్తాం. గుడ్డలు మాత్రం తేవద్దు.