జాతర క్యాసెట్టు కూడా రికార్డే

సంపాదకులకు,

మా విజయనగరం కుర్రాళ్లు కొందరు, పాటలూ ఆల్బమ్‌ల వివరాలు భద్రపరిచే ఇంటర్నెట్ సైట్ మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో మన పాటల వివరాలు ఎక్కిస్తున్నారు, చాలా సంతోషం. 2000లో మొదలైన ఆ సైట్లో ఖాతా తెరిచి ఎవరైనా చేర్చొచ్చు, ఎవరైనా సరిదిద్దొచ్చు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ రికార్డులు, మన సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల, సుశీలగార్ల సినిమా పాటలు అంటే ఎవరికీ పేచీ లేదు గానీ, జాతరల్లో జముకు అనే వాద్యం వాయిస్తూ చెప్పే జముకుల కథ క్యాసెట్ల దగ్గరికొచ్చేసరికి "కంపెనీయే లేదు కదండీ, అది ఆల్బమ్ ఎలా అవుతుంది" అని పక్కన పెట్టేస్తున్నారు.

ఎందుకు కాదు? కళాకారులు సొంత డబ్బుతో వేసుకున్నవి కూడా అక్కడ చేర్చుకుంటారు. జనంలోకి వచ్చిందా, వివరాలకు ఆధారం ఉందా అన్నదే చూడాలి. మా ఇంట్లో ఉన్న ఒక క్యాసెట్టు తీసుకోండి, కవరు మీద కథ పేరు, కథకుడి పేరు, ఊరు, ఏ వైపు ఏ భాగమో అన్నీ అచ్చేసి ఉన్నాయి. జముకు వాయించినాయన పేరు మాత్రం లోపలి మడతలో, చిన్న అక్షరాల్లో. తీగ లాగి మీటుతూ రాత్రంతా కథని నడిపేది ఆయన, ఆ కాగితం చిరిగితే ఆయన పేరు ఇంకెక్కడా దొరకదు. కవరు ఫొటోలు దాచడానికి కూడా అక్కడ చోటుంది, 2012 నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్‌తో కలిసి నడుపుతున్నారు.

అలాగని కనబడిందల్లా ఎక్కించమనను. వాట్సాప్‌లో తిరిగే పేరూ ఊరూ లేని ముక్కలు, ఎవరి గొంతుకో డీజే బీటు కలిపి పెట్టినవి నా లెక్కలో వద్దు.

అన్నిటికంటే నాకు టెన్షన్‌గా ఉన్నది రచయిత పేరు. తరతరాలుగా పాడుకుంటున్న పాటకి, క్యాసెట్టులో పాడారు కదాని ఆ గాయకుడినే రచయితగా రాసేస్తే, రేపు ఆ తప్పే, అక్కడి వివరాలు వాడుకునే పది యాప్‌లలోకి వెళ్తుంది. సంప్రదాయ గీతం అని పెట్టే వీలు అక్కడే ఉంది, అది వాడండి. ఒకే పేరున్న ఇద్దరు కళాకారుల్ని ఒకరే అనుకుని కలిపేయడం కూడా జరగొచ్చు. అలాంటి మార్పు మీద వారం రోజులు ఓటింగ్ ఉంటుంది, ఎవరూ వద్దనకపోతే అమలైపోతుంది. ఈ కళాకారుల్ని ఎరిగినవాళ్లు సాలూరులో, పార్వతీపురంలో, శ్రీకాకుళంలో ఉన్నారు. కొత్త ఖాతాకి వెంటనే ఓటు రాదు, అందుకే దయచేసి మీరూ ఇప్పుడే ఖాతా తెరిచి కొన్ని వివరాలు చేర్చండి, ఓటు వచ్చాక తప్పు కనబడితే గడువులోగా వద్దని ఓటెయ్యండి.

- ఒక పాఠకుడు, విజయనగరం